రచన వర్ధంతి

"లే. ముందుగాల గీడికెల్లి లే" అన్నాడు తమ్ముడు రాకేష్.

రచన లేవలేదు. హాల్లో పరిచిన జంపఖానా మీద గోడకు వీపు ఆనించి, కాళ్లు ముడుచుకుని కూర్చుంది. ఆమె తలకు జానెడు పైన గోడకు రెండు ఫొటోలు వేలాడుతున్నాయి. ఒకటి వాళ్ల నాయన పాండురంగానిది. పోయిన వారమే కట్టిన ఫొటో, బంతిపూల దండ ఇంకా పూర్తిగా వాడలేదు. రెండోది రచనదే. దానికి వాడిపోయే రకం కాదు, గంధపు చెక్కల దండ.

బతికున్న మనిషి ఫొటోకు దండ ఎందుకు పడిందో తాండూరులో అందరికీ తెలుసు. వికారాబాద్‌లో ఒక దవాఖానలో రక్తపరీక్షలు చేసే బాల్‌రాజ్‌ను రచన చర్చిలో పెళ్లాడింది. వారం తిరక్కుండానే పాండురంగం 'కాగ్నా వార్త' వారపత్రికలో కూతురి ఫొటో వేయించి, కింద 'కన్నీటి శ్రద్ధాంజలి' అని అచ్చు కొట్టించాడు. మార్కెట్ కమిటీకి చైర్మన్‌గా చేసిన మనిషి, ఇంటి వెనక బండల పాలిషింగ్ యూనిట్ నడిపిన మనిషి. ఆయన చచ్చిపోయిందంటే చచ్చిపోయినట్టే. మొదట శ్రద్ధాంజలి, ఆ తర్వాత ఏటా బోనాల నెలలో వర్ధంతి. జనానికి తెలియక కాదు. కాకపోతే అచ్చులో పడ్డాక, తెలిసినవాళ్లు కూడా తెలియనట్టే ఉండటం ఈ ఊళ్ల మర్యాద.

ఒక్క సంగతి మాత్రం ఊరికి తెలియదు. మొదటి శ్రద్ధాంజలి తర్వాత ఆ వర్ధంతులు వేయిస్తున్నది పాండురంగం కాదు. ఆ సంగతి తెలిసిన ముగ్గురిలో ఒకరు పోయిన వారమే కాష్ఠం మీదికి చేరారు. రెండో మనిషి ఇదిగో, ఈ హాల్లోనే మూలన చాప మీద, బోసి నుదురుతో కూర్చున్న వాళ్ల తల్లి గోవిందమ్మ. మూడో మనిషి ఆ పత్రికలో రాసే ఖుద్దూస్. ఆయన గనక ఈ పూట ఈ గడప తొక్కితే తన పని అయిపోయినట్టేనని గోవిందమ్మ పొద్దుట్నుంచీ గేటు వైపే చూస్తోంది.

"నీ ఆస్తికి రాలే రాకేషూ" అంది రచన. "ఏడ సంతకం పెట్టుమంటే గాడ పెడత. రేపు నాయిన పేజీ వస్తది గదా పేపర్ల. దాంట్ల నా పేరు రావాలె. బతికున్నోళ్లల్ల రావాలె."

"నాయిన సంపుకున్న పేరు అది. నేనెట్ల ఏపిస్త?"

"నాయిన పోయిండు. ఇంక ఎవరికి భయపడుతున్నవ్?"

రాకేష్ ఆ పక్కనే పీట మీద కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్న సుమిత్రమ్మ వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకున్నాడు. సుమిత్రమ్మ అతని అత్తగారు, కోట్‌పల్లి నుంచి దినాలు చేయించడానికి వచ్చింది. కూతురు నిరోషా వంటింట్లో ఉంటే ఈమె హాల్లో ఉంది. చిక్కుడుకాయలు వంటింట్లోనూ ఒలవచ్చు, కానీ అక్కడ ఇంత వినోదం ఉండదు.

"మా ఎస్తేరును బళ్లె పిల్లలు అడుగుతున్నరు" అంది రచన. గొంతు మామూలుగానే ఉంది. "మీ అమ్మ సచ్చిపోయిందట గదా, పేపర్ల ఫొటో వచ్చిందట గదా, మరి మీ ఇంట్ల వంట చేసేటామె ఎవరు అని. అది ఇంటికొచ్చి ఏం జెయ్యదు. నా చెయ్యి పట్టుకోని గిల్లి సూస్తది. నొప్పి పుడుతుందా అమ్మా అని అడుగుతది."

గోవిందమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుపు నిజంగానే వచ్చింది. ఆ మనుమరాల్ని ఆమె ఎత్తుకుంది, ముద్దులాడింది, జేబురుమాలులో చక్కెర చిలకలు కట్టి తీసుకెళ్లి తినిపించింది. అంతా వికారాబాద్ బస్టాండులో. మంగళవారం మంగళవారం అనంతగిరి దేవుడికని బస్సెక్కి, కొండదాకా పోకుండా బస్టాండులోనే దిగిపోయి, వెనక బెంచీ మీద కూతురి పక్కన కూర్చుని వచ్చేది. భర్తకు తెలియకుండా ఇన్నేళ్లు బిడ్డను కాపాడుకున్న తల్లిని అని తనలో తనే పొంగిపోయేది. ప్రేమ లేదని ఎవరంటారు? ఉంది. బస్టాండు దాటి బయటికి రాని ప్రేమ.

"బిడ్డా, లోపటికి రా జర" అంది గోవిందమ్మ. "ఇంత అన్నం తిను. గా పేపరోళ్లు ఇయ్యాల రారు. మనం నిమ్మలంగ మాట్లాడుకుందం."

"రారని నీకెట్ల ఎర్క?"

"వికారాబాద్‌లనే రాసుకోమని రాకేష్ ఫోన్ జేసిండు. ఎవరు రారు."

"చాచా రాకుంట పేజీ ఎప్పుడన్న అచ్చయిందా?" అంది రచన. "నేను గీ ఊర్ల పుట్టినదాన్ని కాదా? చదివి ఇనిపియ్యకుంట ఖుద్దూస్ చాచా ఎవర్ని సాగనంపిండు?"

అదీ నిజమే. ఖుద్దూస్‌కు అరవై దాటాయి. తాండూరు నుంచి వికారాబాద్ దాకా, అటు యాలాల్, ఇటు కోట్‌పల్లి, పేరున్న మనిషి ఎవరు పోయినా 'మన పెద్దలు' పేజీ రాసేది ఆయనే. ఆయనకు రెండు పద్ధతులున్నాయి. పెద్దమనిషి మంచం పట్టాడని తెలిస్తే పండ్ల సంచితో పరామర్శకు పోతాడు. ఎందుకొచ్చాడో మంచంలో ఉన్నవాడికి తెలుసు, చాయ్ తెచ్చే కోడలికి తెలుసు. ఎవరూ బయటపడరు. ఆ మాటా ఈ మాటా మధ్య ఆ మనిషి తన బతుకంతా చెప్పుకుంటాడు, ఏ చెరువుకు తూము పెట్టించిందీ, ఏ బడికి బండలు పరిపించిందీ. ఖుద్దూస్ వచ్చిపోయిన హుషారులో లేచి కూర్చుని నాలుగు నెలలు బతికినవాళ్లున్నారు. ఖుద్దూస్ చూడటానికి రాలేదని అలిగినవాళ్లూ ఉన్నారు.

రెండో పద్ధతి, అచ్చుకు పోయే ముందు పేజీ అంతా ఆ ఇంటి హాల్లోనే నిలబడి అందరికీ చదివి వినిపించడం. పేరు తప్పిపోయిందని దినాల భోజనాల దగ్గర అన్నదమ్ములు విస్తళ్లు విసురుకున్న ఇళ్లను చూశాక పెట్టుకున్న నియమం అది.

పాండురంగం వెనక గదిలో పడుకుని ఉన్నప్పుడు కూడా ఖుద్దూస్ వచ్చాడు, సపోటాలు తీసుకుని. "గోవిందా, మంచి చాయ్ పెట్టుకరా" అని భర్త ఆమెను లోపలికి పంపాడు. చాయ్ మరిగేంతసేపు ఆ గదిలో ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో గోవిందమ్మకు ఇవాళ్టికీ తెలియదు. భర్త పోయిన రోజు ఏడుస్తూ కూడా ఆమె మనసులో ఆ చాయ్ సంగతే మెదిలింది.

గేటు బయట స్కూటర్ ఆగింది.

గోవిందమ్మ చాప మీద నుంచి సగం లేచింది. "రాకేషూ, గేటు కాడనే మాట్లాడి పంపు. ఇంట్ల అందరికి తలకాయ నొస్తుందని చెప్పు" అంది. కానీ ఖుద్దూస్ అప్పటికే చెప్పులు విడిచాడు. లోపలికి వచ్చి పాండురంగం ఫొటో ముందు తల వంచుకుని కాసేపు నిలబడ్డాడు. తల ఎత్తగానే ఆ ఫొటో కింద కూర్చున్న రచన కనిపించింది.

"వచ్చినవా బిడ్డా" అన్నాడు. "మంచి పని చేసినవ్."

రాకేష్ ముందుకొచ్చాడు. "భాయ్, నేను ఫోన్ల చెప్పిన గదా, రావద్దని."

"చెప్పినవ్ బేటా. నీ బాపు లెక్కటి మనిషిని ఫోన్ల రాసి పడేస్త అనుకున్నవా?" ఖుద్దూస్ కళ్లద్దాలు పెట్టుకుని, జేబులోంచి సెల్లు తీసి, దూరంగా పట్టుకున్నాడు. "చదువుత. ఎవరి పేరన్న తప్పితే గిప్పుడే చెప్పుండ్రి. రేపు అచ్చయినంక నా మీదికి రావద్దు."

చదవడం మొదలుపెట్టాడు. పాండురంగం యాలాల్ దగ్గర పుట్టడం, కందుల బస్తాలు మోసి వ్యాపారం నేర్చుకోవడం, బండల గని పట్టడం, మార్కెట్‌లో రైతులకు నీళ్ల కుండలు పెట్టించడం. చదివే గొంతు బాగుంటుంది ఖుద్దూస్‌ది. రాకేష్ కూడా కోపం మర్చిపోయి కాసేపు విన్నాడు.

"నా పేరు కాడ యువ నాయకుడు అని పెట్టు భాయ్" అన్నాడు మధ్యలో.

"పెడత."

"మా ఆయన పేరు లేకపాయె" అంది సుమిత్రమ్మ. "వియ్యంకుడు గదా. ఆయన పోయి ఎన్నేండ్లయినా కోట్‌పల్లిల ఆయన పేరు చెప్తే మంది లేసి నిలబడ్తరు."

"పెడ్తనమ్మా, పెడ్త" అన్నాడు ఖుద్దూస్. ఆ వియ్యంకుడి పేరు చెబితే అప్పిచ్చినవాళ్లే లేచి నిలబడేవారని ఆయనకు తెలుసు. అయినా రాసుకున్నాడు, చనిపోయినవాళ్ల పట్ల ఆయన ఎవరికీ తక్కువ చేయడు.

తర్వాత ఒక క్షణం ఆగి, గొంతు సవరించుకుని చివరి వాక్యం చదివాడు. "ఆయనకు భార్య గోవిందమ్మ, కూతురు రచన, అల్లుడు బాల్‌రాజ్, కొడుకు రాకేష్, కోడలు నిరోషా, మనుమరాలు ఎస్తేరు ఉన్నారు."

సుమిత్రమ్మ చేతిలో చిక్కుడుకాయ విరగకుండా ఆగిపోయింది.

"ఎవడు రాయమన్నడు గది?" రాకేష్ అరిచాడు. "ఎవడు చెప్పిండు నీకు?"

"పాండన్ననే చెప్పిండు. మంచంల ఉన్నప్పుడు. నేను ఎవరి పేర్లు సొంతంగ కలపను బేటా, నీకు ఎర్కనే."

రచన గోడ నుంచి ముందుకు జరిగింది. "నాయిన... నా పేరు చెప్పిండా చాచా?"

"నీ పేరు, అల్లుని పేరు. పిల్ల పేరు తెల్వదు, కనుక్కోని పెట్టు ఖుద్దూస్ అన్నడు. వికారాబాద్ల అడిగి కనుక్కున్న."

ఇన్నేళ్లలో రచన ముఖం అంత చిన్నపిల్లలా మారడం గోవిందమ్మ చూడలేదు. చూసి సంతోషించాల్సింది. కానీ ఆమె వెంటనే అడ్డం పడింది.

"జొరంల ఏదేదో అన్నడు ఖుద్దూస్ భాయ్. ఆఖరికి నన్నే గుర్తు పట్టలే. గవన్ని లెక్కల వెట్టుకుంటరా?"

"నేను వచ్చిన నాడు జొరం లేకుండె వదినమ్మా" అన్నాడు ఖుద్దూస్ నెమ్మదిగా.

అక్కడితో ఆగేదేమో. పాపం, ఆపనివాడు రాకేష్. అతను అమాయకంగానే అడిగాడు, తన మాటకు బలం వస్తుందనుకుని. "గంత ప్రేమున్నోడు మరి ఏటేటా వర్ధంతి ఎందుకు ఏపిస్తుండె? పోయినేడు కూడ వచ్చింది గదా ఫొటో. మీ పేపర్లనే వచ్చింది. గది ఎవరు ఏపిచ్చిండ్రు, నేనా?"

ఖుద్దూస్ చూపు ఒక్క క్షణం, అదీ తనకు తెలియకుండానే, మూలన కూర్చున్న గోవిందమ్మ మీదికి పోయి వచ్చింది. గోవిందమ్మ వద్దన్నట్టు తల ఊపింది. ఆ రెండు చూపుల్నీ రచన పట్టుకుంది.

"చాచా, చెప్పుండ్రి."

"పోనీ బిడ్డా. పేరు వచ్చింది గదా. ఇంక పాత ముచ్చట ఎందుకు?"

"చెప్పుండ్రి."

ఖుద్దూస్ కళ్లద్దాలు తీసి, మళ్లీ పెట్టుకున్నాడు. "శ్రద్ధాంజలి ఆయననే ఇచ్చిండు. కోపంల ఉండె. మల్లేడు వర్ధంతికి అడుగుదామని నేనొస్తే, వద్దు ఖుద్దూస్, చెయ్యి వస్తలేదన్నడు. నేను ఎల్లిపోతుంటే గేటు కాడికెల్లి వెనుకకు పిలిచిండ్రు."

"ఎవరు?"

ఆయన చూపు మళ్లీ మూలకు పోయింది. వెనక పాలిషింగ్ యూనిట్ దినాలకని మూసి ఉంది. ఎప్పుడూ మిషన్ల రొదతో నిండి ఉండే ఆ ఇంట్లో వంటింటి గిన్నెల చప్పుడు కూడా వినిపించేంత నిశ్శబ్దంగా ఉంది. నిరోషా కూడా చెవులు రిక్కించిందేమో, ఆ చప్పుడూ ఆగిపోయింది.

"అమ్మా?" అంది రచన.

గోవిందమ్మ తల వంచుకుంది.

"ఏటేటా నువ్వే గా పేపరు మడత పెట్టి తెస్తుంటివి గదా బస్టాండ్లకు. సూడు బిడ్డా, మీ నాయిన మల్ల ఎట్ల చేసిండో సూడు అని ఏడుస్తుంటివి గదా. నేనే నిన్ను ఊకుంచుతుంటి."

గోవిందమ్మ చాప అంచు పుల్లలు లాగుతోంది.

"పోయినేడు ఫొటోల నేను నీలం చీర మీదున్న. గది నీకే ఇచ్చిన ఫొటో. ఇంట్ల దాసుకుంట, మనసయినప్పుడల్ల సూసుకుంట అని తీసుకపోయినవ్. నాయినకు ఎట్ల దొరికిందే అంటే, పెట్టెల వెతికి గుంజుకున్నడని చెప్పినవ్." రచన గొంతు మొదటిసారి పగిలింది. "నేను నాయినను బండబూతులు తిట్టిన అమ్మా. నీ ముందరనే తిట్టిన. నువ్వు ఇన్నవ్."

"ఏం జెయ్యాలె మరి?" గోవిందమ్మ ఒక్కసారిగా తల ఎత్తింది. దొరికిపోయిన మనిషికి వచ్చే కోపం వచ్చింది ఆమెకు. "రాకేష్‌కు సంబంధం చూస్తుంటిమి గప్పుడు. బిడ్డ సచ్చిన ఇంటికి పిల్లనిస్తరు గని, బిడ్డ ఎల్లిపోయిన ఇంటికి ఎవరిస్తరు? నీ వల్లనే వానికి పెండ్లి కాకుంట పోతే? ఇంటి ఇజ్జత్ మొత్తం నా నెత్తి మీద పడె. మీ నాయినకేం, వద్దని ఒక్క మాటనె. మందిల తిరిగేది నేను గదా."

"మా పేరెందుకు తీస్తవ్ వదినె?" సుమిత్రమ్మ చిక్కుడుకాయను తీరిగ్గా విరిచింది. "పిల్ల ఎవరితోని పోయింది, ఏ చర్చిల పెండ్లయింది, మాకు సంబంధం మాట్లాడేటప్పుడే ఎర్క. మాకేం ఫికర్ లేకుండె. పొలం, యూనిట్ ఉన్నయి, పిలగాడు బుద్ధిమంతుడు అనుకున్నం, ఇచ్చినం. మీరే సచ్చిపోయిందని ఏడుస్తుంటే, పెద్దామె బాధపడుతది అని మేము సుత ఏడ్చినం."

గోవిందమ్మకు ఆ మాట అర్థం కావడానికి కాసేపు పట్టింది. ఎవరి కోసమని కూతుర్ని ఏటా చంపుకుంటూ వచ్చిందో వాళ్లకు ఆ అవసరమే లేదు. సుమిత్రమ్మ ముఖంలో చిన్న నవ్వు కూడా ఉంది. ఈ మాట చెప్పడానికి తగిన రోజు కోసం ఆమె ఇన్నేళ్లు ఓపిక పట్టింది మరి.

"పెండ్లి కోసమే అనుకుందం" అంది రచన. "పెండ్లయినంక ఎందుకు ఆపలే?"

దీనికి గోవిందమ్మ దగ్గర జవాబుంది, చెప్పే నోరు లేదు. ఆ వర్ధంతి నాడు పొద్దున్నే వాడకట్టు ఆడవాళ్లంతా వచ్చేవారు. పేపరు చూసి వచ్చి, ఆమె చేతులు పట్టుకుని, పక్కన కూర్చునేవారు. ఆ ఒక్కరోజు గోవిందమ్మ కూతురి పేరు పెట్టి గట్టిగా ఏడవగలిగేది. లేచిపోయిన కూతురి కోసం తల్లి ఏడిస్తే సిగ్గుమాలినదంటారు, చచ్చిన కూతురి కోసం ఏడిస్తే వీపు నిమురుతారు. ఆ నిమిరే చేతులు ఆమెకు అలవాటయ్యాయి. ఏడాదంతా ఆ రోజు కోసం ఎదురుచూసేది. ఫొటో తనే ఎంచేది, 'నీవు లేని లోటు తీరనిది' అన్న మాట కూడా తనే చెప్పి రాయించేది. ఏడుపులో అబద్ధం లేదు. చావు ఒక్కటే అబద్ధం.

"ఇంకొక్కటి అడుగుత" అంది రచన. "దవాఖానకెల్లి నాయినను ఇంటికి తెచ్చినంక, వస్తనే అమ్మా, ఒక్కసారి సూసిపోత అన్న. నీ మొకం సూడనంటున్నడు, వస్తే గేటు కాడనే మొత్తుకుంటడు, రాకు అన్నవ్. గట్ల నాయిన అన్నడా?"

"అన్నడు" అంది గోవిందమ్మ.

ఎంత తొందరగా అందంటే, ఆ మాట ఆమె ఆలోచించి అన్నది కాదని గోడలకు కూడా తెలిసిపోయింది. పోయినవాడు లేచి వచ్చి కాదనడు కదా అన్న ధైర్యం.

మంది చావుల గురించి మంచే రాసీ రాసీ, చెడు మాట నోటితో చెప్పడం మర్చిపోయిన మనిషి ఖుద్దూస్. "వదినమ్మా, నన్ను మాఫ్ చెయ్యి" అన్నాడు. "బిడ్డా, పాండన్న నా చెయ్యి పట్టుకోని ఏడ్చిండు. గోవిందతోని కబురు పంపిన ఖుద్దూస్, రానన్నదట, మల్ల మల్ల పంపిన, రానన్నదట, నేను చేసిన పనికి నాకు గదే సజా అన్నడు."

"నేను రానన్ననా?" అంది రచన.

ఎవరినీ అడగలేదు. ఆ మాటను తనే ఒకసారి చెవితో విని చూసుకున్నట్టు అంది. రాకేష్ కుర్చీ వెనక్కి నెట్టి లేచి, ఏం చేయాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు. నాయన చివరి రోజుల్లో గేటు చప్పుడైనప్పుడల్లా "ఎవరు వచ్చిండ్రు రాకేషూ" అని అడగడం అతనికి ఇప్పుడు గుర్తొచ్చింది. అప్పుడు బాకీలవాళ్ల కోసం అడుగుతున్నాడనుకున్నాడు.

గోవిందమ్మకు కూతురి ముఖం చూసే ధైర్యం లేకపోయింది. అరుస్తుందనుకుంది. జుట్టు పట్టుకుంటుందేమో అనుకుంది, పట్టుకున్నా బాగుండు అనుకుంది. తండ్రీ బిడ్డా ఒక్కసారి కలిస్తే, ఒక్క మాట మాట్లాడుకుంటే, వర్ధంతి సంగతి బయటపడేది. అందుకే కలవనివ్వలేదు. ఇంత చిన్న సంగతికి అంత పని చేసిందా అని ఎవరైనా అడగవచ్చు. ఆమెకు అది చిన్న సంగతి కాదు.

రచన కళ్లు తుడుచుకుంది. జరిగి జరిగి చాప దగ్గరికి వచ్చి, తల్లి ఎదురుగా కూర్చుంది.

"అయిందేదో అయింది అమ్మా. గవన్ని నేను మల్ల అడగ. నాయిన నన్ను బతికిచ్చే పోయిండు. నువ్వు కూడ ఒక్క మాట చెప్పు. గీమె నా బిడ్డ, బతికే ఉంది అని. అందరి ముందర చెప్పు. నేను అన్ని మర్చిపోత. మంగళారం మంగళారం నువ్వే మా ఇంటికి రా, బస్టాండ్ల కాదు, ఇంటికి రా. ఎస్తేరు నిన్ను మస్తు యాది చేస్తది."

"ఇగ సాలు" అన్నాడు రాకేష్, కానీ ఆ గొంతులో ఇందాకటి బలం లేదు. "భాయ్, ఆ లైన్ ఉంచాల్నా, తీయాల్నా?"

"పోయినాయన మాట నేను తెచ్చిన. ఇంట్ల ఉన్న పెద్దమనిషి ఇప్పుడు వదినమ్మ" అన్నాడు ఖుద్దూస్. "ఆమె ఏదంటే గది రాస్త."

అందరూ గోవిందమ్మ వైపు చూశారు.

చెప్పాల్సింది ఒక్క మాట. ఆమె కూతురి చేతిని చూసింది. ఆ చెయ్యి చాప మీద అరచేయి పైకి పెట్టి ఉంది, పట్టుకోమన్నట్టు. పట్టుకోవాలనిపించింది. ఆ తర్వాత ఆమెకు రేపు గుర్తొచ్చింది. రేపు దినాలకు వాడకట్టంతా వస్తుంది. ఇన్నేళ్లు తన వీపు నిమిరిన ఆడవాళ్లంతా పేపరు చేతిలో పట్టుకుని వస్తారు. బిడ్డ బతికే ఉందని తనే ఒప్పుకున్నాక, ఇన్నేళ్లు వాళ్ల భుజాల మీద పడి ఏడ్చిన మనిషి ఎవరవుతుంది? సుమిత్రమ్మ కోట్‌పల్లి బస్సెక్కి, బస్సు దిగే లోపలే ఎంతమందికి చెబుతుంది?

సుమిత్రమ్మ చిక్కుడుకాయల చాట పక్కన పెట్టి, రెండు చేతులూ ఒడిలో పెట్టుకుని కూర్చుని ఉంది.

"ఎప్పటి లెక్కనే రాయి ఖుద్దూస్ భాయ్" అంది గోవిందమ్మ. "కీర్తిశేషులు అనే పెట్టు."

రచన చెయ్యి చాప మీద అలాగే కాసేపు ఉంది. తర్వాత ఆమె దాన్ని వెనక్కి తీసుకుంది.

"వదినమ్మా" అన్నాడు ఖుద్దూస్, "సాయంత్రం దాక పేజీ ఆపుత. మల్లొక్కసారి సోంచాయించుండ్రి."

గోవిందమ్మ వినలేదు. ఆమె కూతుర్నే చూస్తోంది. రచన లేచి నిలబడింది. కొంగు భుజం చుట్టూ కప్పుకుంది, పరాయి ఇంటికి పరామర్శకు వచ్చిన ఆడది వెళ్లే ముందు కప్పుకున్నట్టు. రెండు చేతులూ జోడించింది.

"మీ బిడ్డ పోయిందని ఇన్నమమ్మా" అంది. "మంచిదట గదా పాపం. మాకు జర ఆలస్యంగ ఎర్కయింది, గందుకే రాలేకపోయినం. ఏమనుకోకుండ్రి."

ఇలాంటి మాటకు గోవిందమ్మ ఏటా ఎంతమందికి జవాబు చెప్పిందో లెక్కలేదు. ఆలోచన కంటే ముందు అలవాటు పలికింది.

"ఏం జేస్తమమ్మా" అంది ఆమె, కొంగు కళ్లకు అద్దుకుంటూ. "మా రాత గట్లున్నది."

అన్నాక తెలిసింది ఏమన్నదో. చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది గానీ మాట అప్పటికే హాల్లో ఉంది.

రచన అర్థమైందన్నట్టు తల ఊపింది. ఫొటోల వైపు చూడలేదు, తమ్ముడి వైపు చూడలేదు. గుమ్మం దగ్గర చెప్పులు వేసుకుని గేటు దాకా నడిచి, దారిన పోతున్న ఆటోను ఆపింది. "బస్టాండుకా?" అని ఆటోవాడు అడగడం లోపలికి వినిపించింది. ఆమె ఏం చెప్పిందో వినిపించలేదు.

ఆటో చప్పుడు సందు మలుపు తిరిగేదాకా హాల్లో ఎవరూ కదల్లేదు. అప్పుడు సుమిత్రమ్మ చాట మళ్లీ ఒళ్లోకి తీసుకుంది.

"ఎవరొదినె గామె?" అని అడిగింది. "ఏడనో సూసినట్టే ఉంది."

ఖుద్దూస్ సెల్లు చేతిలో పట్టుకుని, జవాబు కోసం గోవిందమ్మ వైపే చూస్తున్నాడు.